ఇంటికి వెల కట్టడం ఎట్లా?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కొని చూడమని వారు చెప్పలేదు గాని, నేడు అదియు అంతటి కార్యమే. విజయనగరంలో గాని, శ్రీకాకుళంలో గాని ఒక మధ్యతరగతి కుటుంబం ఇల్లు కొనడమంటే ఇరవై ముప్పై ఏండ్ల పొదుపును ఒక్క మాటకు కట్టివేయడమే. 'మేము ఇంత ఇవ్వగలం' అన్నదే ఆ మాట. దానిని ఎట్లా నిర్ణయించుకోవాలో ఇక్కడ పరిశీలిద్దాం.

అమ్మేవారు చెప్పిన ధరలో కొంత తగ్గించి అడగడం మనలో చాలామందికి అలవాటు. వారు 48 లక్షలంటే మనం 45 అంటాం. 46కు కుదిరితే రెండు లక్షలు మిగిలాయని సంతోషిస్తాం. ఈ పద్ధతిలో బేరానికి మూలం అమ్మేవారి కోరికే గాని ఇంటి విలువ కాదు. కాబట్టి వారి అంకెను ప్రక్కన పెట్టి, మన అంకెను మనమే కట్టుకోవాలి.

మొదట స్థలం. మన ప్రాంతంలో ఇంటి స్థలాన్ని గజాలలోను, సెంట్లలోను చెబుతారు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఆ వీధిలో ఇటీవల నిజంగా అమ్ముడుపోయిన రెండు మూడు స్థలాల ధరలు విచారించాలి. అడుగుతున్న ధర వేరు, చెల్లిన ధర వేరు. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ సుంకాల లెక్కకు ఆధారం. బజారు ధర దానికి సమానంగా ఉండాలని నియమం లేదు.

తరువాత కట్టడం. నేల విలువ పెరగవచ్చు గాని, గోడలకు వయస్సు మీద పడుతుంది. ఒక ఉదాహరణ తీసుకొందాం. 150 గజాల స్థలం గజం 20,000 చొప్పున 30 లక్షలు. అందులో 900 చదరపు అడుగుల డాబా. కొత్తగా కట్టడానికి అడుగుకు 1,800 చొప్పున 16.2 లక్షలు. దాని ఆయుష్షు 60 ఏండ్లనుకొని, 20 ఏండ్లు గడిచాయి గనుక మూడవ వంతు తీసివేస్తే 10.8 లక్షలు మిగులుతుంది. మొత్తం 40.8 లక్షలు. మరమ్మతులకు 1.8 లక్షలు పోగా 39 లక్షలు. ఆ ఇంటికి మనం కట్టిన వెల ఇదే.

మరమ్మతుల లెక్క మన జిల్లాలలో జాగ్రత్తగా వేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఉత్తరాంధ్రను అతలాకుతలం చేశాయి. నాగావళి, వంశధార వరదలు మనకు కొత్త కావు. కనుక ఇంటిని వానాకాలంలో ఒకసారి చూడాలి. గోడ మీద నీటి చార, స్లాబులో తుప్పుపట్టిన ఇనుము, వీధికంటె పల్లమైన వాకిలి - ఇవి వెలను తగ్గించే సాక్ష్యాలు.

ఇక మన శక్తి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం. 39 లక్షలకు అది దాదాపు 2.93 లక్షలు, అనగా చేతిలో 42 లక్షలు సిద్ధంగా ఉండాలి. అందులో 30 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏండ్ల అప్పు అయితే నెలకు సుమారు 26,000 వాయిదా. బేరంలో పట్టుదలకు పోయి ఒక లక్ష అదనంగా ఒప్పుకొంటే, ఆ లక్ష అప్పు తీరేసరికి రెండు లక్షలు దాటుతుంది. అది ఎవరి చదువు నుండి, ఎవరి వైద్యం నుండి వస్తుందో ముందే ఆలోచించాలి. అందుచేత 39ని గరిష్ఠంగా కాగితం మీద వ్రాసుకొని, 35 లేక 36 వద్ద మాట మొదలుపెట్టి, లెక్కను మర్యాదగా వివరించాలి. 39 దాటితే నమస్కరించి లేచి రాగలగాలి.

హక్కు సరిగా లేని ఇంటికి మాత్రం ఏ వెలయు తగినది కాదు. కనీసం 30 ఏండ్ల ఈసీ, లింకు దస్తావేజులు చూడాలి. 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదేమో పరిశీలించాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫు భూములు ఆ జాబితాకు సంబంధించినవే. పార్వతీపురం మన్యం ఏజెన్సీలో గిరిజనేతరులు స్థిరాస్తి కొనడాన్ని 1970 నాటి '1/70' నిబంధన నిషేధిస్తున్నది.

బయానా, ఖరారు, వాయిదా, దస్తావేజు - ఈ మాటలు ఉర్దూకు, తెలుగుకు ఉమ్మడి సొత్తు. బయానాను వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ఇవ్వరాదు. స్థిరాస్తి అమ్మకానికై 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు. ధర తక్కువగా వ్రాయించి మిగిలినది చేతికిమ్మంటే ఒప్పుకోరాదు. వ్రాయని సొమ్ముకు సాక్ష్యం ఉండదు.

మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో దస్తావేజు చదవగలిగిన మొదటి వ్యక్తి ఆ విద్యార్థియే. తండ్రి బేరానికి బయలుదేరే ముందు ఈ లెక్కను ఆయన ప్రక్కన కూర్చుండి వేసి చూపిన కుమారుడు గాని, కుమార్తె గాని, ఆ ఇంటికి మొదటి రాయి వేసినట్లే.