సకురా పిలుపు – మన హాస్టల్ పిల్లలకు ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు, మీకు అక్కరకు వచ్చే విషయం రాయాలనుకున్నాను. అది వేసవి సెలవుల గురించి.

ఏప్రిల్ నెల చివరికి మన హాస్టల్‌కు తాళం పడుతుంది. పెట్టె, దుప్పటి సర్దుకొని ముస్తాబాద్‌లో బస్సెక్కి ఎవరి ఊరికి వాళ్లం పోతాం. ఇంటికి పోయాక మనలో కొందరం సిరిసిల్లలో సాంచాల దగ్గర కండెలు చుడతాం. కొందరం తునికాకుకు పోతాం. కొందరం అమ్మ పక్కన కూర్చొని బీడీలు చేస్తాం. ఇంటికి ఆసరా కావడం చిన్నతనం కాదు. కానీ అదే వేసవిలో మన ఈడు పిల్లలు కొందరు 'అంతర్జాతీయ స్టీమ్ శిబిరం' అని ఒకచోట చేరి రోబోలు చేస్తారు, కాగితాలు మడుస్తారు, జపాన్ భాష, సంస్కృతి నేర్చుకుంటారు. అట్లాంటి శిబిరంలో ఏముంటుంది? అక్కడికి మనం పోగలమా? పోలేకపోతే దాన్ని మన దగ్గరికి తెచ్చుకోగలమా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులే ఈ వ్యాసం.

స్టీమ్ అంటే ఏమిటి?

ఇక్కడ స్టీమ్ అంటే ఆవిరి కాదు. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, ఆర్ట్స్, మ్యాథ్స్ – ఈ ఐదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. మొదట కళ లేకుండా నాలుగే ఉండేవి. లెక్కకు, యంత్రానికి కళ తోడైతేనే కొత్త వస్తువు పుడుతుందని తర్వాత దాన్నీ చేర్చారు.

ఈ సంగతి సిరిసిల్ల వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారు మన సిరిసిల్ల నేతగాడే. ఆ చీరలో దారం సన్నదనం సైన్స్, మగ్గం ఇంజనీరింగ్, పోగుల లెక్క గణితం, అందం కళ. అంటే స్టీమ్ మన ఇంటి పక్కనే ఉంది, మనం దాన్ని ఆ పేరుతో పిలవలేదు, అంతే.

మన తెలంగాణలో కూడా ఇట్లాంటి శిబిరాలు జరిగాయి. 2012 నుంచి 2021 వరకు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నారు. ఆ కాలంలో గురుకుల విద్యార్థులకు వేసవిలో 'సమ్మర్ సమురాయ్' శిబిరాలు నడిపారు. సమురాయ్ అంటే పాతకాలపు జపాన్ యోధుడు. ఆ గురుకులాల విద్యార్థిని, మన పక్కనున్న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎక్కింది వేసవిలోనే అన్న సంగతి గమనించండి. కానీ ఆ శిబిరాలు గురుకులాల పిల్లల కోసం పెట్టినవి. హాస్టల్లో ఉండి ఊరి బడికి పోయే మనకు వేసవి అంటే ఇంటి దారే.

జపాన్‌కు ఉచితంగా పోయే దారి

ప్రైవేటు వాళ్లు నడిపే విదేశీ శిబిరాలకు పోవాలంటే లక్షల్లో ఖర్చవుతుంది. అది మన వల్ల కాదు. కానీ డబ్బు లేకుండా పోయే దారి ఒకటి ఉంది. దాని పేరు సకురా సైన్స్ కార్యక్రమం. సకురా అంటే జపాన్‌లో వసంతంలో పూసే చెర్రీ పువ్వు. దీన్ని 2014లో జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ మొదలుపెట్టింది. మన దేశం 2016లో ఇందులో చేరింది. ఎంపికైన ఉన్నత పాఠశాల విద్యార్థులను సుమారు వారం రోజులు జపాన్‌కు పిలిచి, విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, మ్యూజియాలు చూపిస్తారు. అక్కడి పిల్లలతో, శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు. ప్రయాణం, బస ఖర్చు వాళ్లదే. కాబట్టి "డబ్బు కడితే సకురాకు పంపిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

దీనికి చేరే మెట్లలో ఒకటి 'ఇన్‌స్పైర్ మానక్'. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి దీన్ని నడుపుతాయి. 6 నుంచి 10 తరగతుల వారి కోసం మొదలుపెట్టి, తర్వాత ఇంటర్ వారికీ విస్తరించారు. ఒక్కొక్క బడి నుంచి ఐదు ఆలోచనలు పంపవచ్చు. దేశమంతా కలిపి పది లక్షల ఆలోచనలు రావాలన్నది లక్ష్యం. వాటిలో లక్ష ఎంపిక చేసి, నమూనా తయారు చేసుకోవడానికి ఒక్కొక్కరికి 10,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. జిల్లా ప్రదర్శన నుంచి 10,000 మంది రాష్ట్ర స్థాయికి, అక్కడి నుంచి 1,000 మంది జాతీయ స్థాయికి, చివరికి 60 మంది పైకి వస్తారు. జాతీయ స్థాయిలో నెగ్గిన పిల్లలను సకురా కింద జపాన్ పంపిన సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా మనకు అందని ద్రాక్ష అనుకోకండి. మన సిరిసిల్ల జిల్లా ప్రభుత్వ బడి విద్యార్థి ఒకరు వడ్లను సులువుగా సంచిలోకి నింపే యంత్రం ఆలోచన చేసి మెప్పు పొందాడు. దానికి పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. కల్లం దగ్గర అమ్మానాన్నల నడుం నొప్పి చూస్తే చాలు. ఇన్‌స్పైర్‌కు కావలసింది కూడా అదే: పుస్తకంలోని అగ్నిపర్వతం నమూనా కాదు, మీరు కళ్లతో చూసిన ఇబ్బందికి మీ సొంత ఉపాయం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కండెలు చుట్టే చోట దారం తెగితే తెలిసే చిన్న గంట ఒకటి పెడితే బాగుంటుందని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఒక చోటుందని కూడా నాకు తెలియదు. పీజీకి వచ్చాక ఇన్‌స్పైర్ గురించి చదివి, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఆలోచన నెగ్గేదని కాదు. కనీసం పంపకపోయానే అని. మీకు ఆ బాధ ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాగితంతో ఒక లెక్క

ఇప్పుడు ఆ శిబిరాల్లో చెప్పే పాఠం ఒకటి ఇక్కడే చేద్దాం. జపాన్‌లో కాగితం మడిచే కళను ఒరిగామి అంటారు. పాత క్యాలెండర్ కాగితం తీసుకొని 24 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించండి.

1. పై అంచుకు సరిగ్గా మధ్యలో, అంటే 12 సెం.మీ. దగ్గర, చుక్క పెట్టండి.
2. కింది కుడి మూలను పట్టుకొని ఆ చుక్క మీదికి తెచ్చి గట్టిగా మడవండి.
3. ఇప్పుడు పై కుడి మూల దగ్గర ఒక చిన్న లంబకోణ త్రిభుజం కనిపిస్తుంది. దాని భుజాలు కొలవండి.

9, 12, 15 సెం.మీ. వస్తాయి. అంటే 3 : 4 : 5. ఎందుకు? కుడి అంచు మీద పై మూల నుంచి మడత దాకా ఉన్న దూరం x అనుకోండి. కుడి అంచులో మిగిలింది 24 – x. మడిచాక అదే త్రిభుజానికి కర్ణం అవుతుంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 12 × 12 + x × x = (24 – x) × (24 – x). సూక్ష్మీకరిస్తే 144 = 576 – 48x. కాబట్టి x = 9, కర్ణం 15.

ఇంకో వింత చూడండి. మడిచిన కింది అంచు ఇప్పుడు ఎడమ అంచును ఒకచోట దాటుతుంది. పై ఎడమ మూల నుంచి అక్కడికి కొలవండి. 16 సెం.మీ. వస్తుంది. కింద మిగిలింది 8. స్కేలు లేకుండానే 24ను సరిగ్గా మూడో వంతుకు కోశాం! అక్కడ ఏర్పడిన త్రిభుజం, మొదటి త్రిభుజం సరూపాలు కావడమే దీనికి కారణం. పదో తరగతి వాళ్లు నిరూపించి చూడండి. దీన్ని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త కజువో హగా పేరు మీద హగా సిద్ధాంతం అంటారు.

మడత ఆటగా ఆగిపోలేదు. కోర్యో మియురా అనే జపాన్ శాస్త్రవేత్త ఒక మడత కనిపెట్టారు. రెండు మూలలు పట్టుకొని లాగితే కాగితమంతా ఒకేసారి విప్పుకుంటుంది. 1995లో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ అనే ఉపగ్రహంలో సౌర ఫలకాన్ని ఈ పద్ధతిలోనే మడిచారు. అగ్గిపెట్టెలోకి చీర, రాకెట్‌లోకి సౌర ఫలకం: రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే. పెద్దదాన్ని చిన్నచోట ఎట్లా ఇమడ్చాలి?

జపాన్ భాష మనకు దూరం కాదు

ఇంగ్లిష్ అంటే మనకు భయం. ఎందుకంటే అందులో క్రియ మధ్యలో వస్తుంది. జపాన్ భాషలో మనలాగే చివర వస్తుంది. "వతాషి వా మిజు ఓ నోమిమాసు" అంటే "నేను నీళ్లు తాగుతాను". వతాషి – నేను, మిజు – నీళ్లు, నోమిమాసు – తాగుతాను. 'వా', 'ఓ' అనేవి మన విభక్తి ప్రత్యయాల్లాగా మాట వెనుక వచ్చే చిన్న మాటలు.

వాళ్ల అక్షరాలూ మన గుణింతం లాంటివే. అ, ఇ, ఉ, ఎ, ఒ అని అచ్చులు, తర్వాత క, కి, కు, కె, కొ అని వరుస. ఈ వరుస బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణమాల చదువు వల్ల ఏర్పడింది. హిరగానా అనే లిపిలో మూల అక్షరాలు 46. రోజుకు ఐదు నేర్చుకుంటే పది రోజుల్లో అయిపోతాయి.

చీపురు చెప్పే పాఠం

జపాన్ బడుల్లో పిల్లలే తరగతి గది ఊడుస్తారు, తుడుస్తారు. దీన్ని సోజి అంటారు. చాలా బడుల్లో మధ్యాహ్నం అన్నం కూడా వంతుల వారీగా పిల్లలే వడ్డిస్తారు. ఇది చెబితే మనలో కొందరికి మనసు చివుక్కుమంటుంది. నాకు తెలుసు. మన తాతలకు చీపురు చేతికిచ్చి, పలక ఇవ్వని రోజులున్నాయి. కాబట్టి తేడా బాగా అర్థం చేసుకోవాలి. అక్కడ డాక్టరు కొడుకు, కూలీ కొడుకు పక్కపక్కనే నిలబడి ఒకే నేల తుడుస్తారు. వంతు అందరికీ వస్తుంది, ఎవరికీ తప్పదు. ఒకరికే అంటగట్టిన పని అవమానం. అందరూ పంచుకున్న పని క్రమశిక్షణ. జపాన్ నుంచి మనం నేర్చుకోవలసింది చీపురును కాదు, ఆ వంతుల పట్టికను.

మన శిబిరం మనమే పెట్టుకుందాం

జపాన్‌లో తొమోయె అని ఒక బడి ఉండేది. పాత రైలు పెట్టెల్లో తరగతులు జరిగేవి. 'రైలుబడి' పేరుతో తెలుగులోకి వచ్చిన పుస్తకంలో ఆ కథ ఉంది. ఒక వేసవిలో ఆ బడి పిల్లలు బడి హాల్లోనే డేరాలు వేసుకొని శిబిరం చేసుకున్నారు. శిబిరానికి దూరం పోనక్కరలేదని వాళ్లు అప్పుడే చూపించారు.

మనకు వేసవిలో హాస్టల్ ఉండదు. కానీ మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక సాయంత్రం దాకా సమయం మనదే. పదో తరగతి వాళ్లకు పరీక్షలు కాబట్టి వాళ్లను వదిలేసి, 7, 8, 9 తరగతుల వాళ్లం పది మధ్యాహ్నాలు తీసుకుందాం.

మొదటి రెండు రోజులు కాగితం మడతలు, వాటి లెక్కలు. మూడు, నాలుగు రోజులు పాడైన టార్చిలైట్, ఫ్యాన్ విప్పి చూడడం. ఇది వార్డెన్ సార్ ముందర, కరెంటు తీసేసి మాత్రమే చేయాలి. ఐదు, ఆరు రోజులు జపాన్ అక్షరాలు, పలకరింపులు. ఏడో రోజు సాంచాల కార్ఖానాకో, వీలైతే జగిత్యాల దగ్గర పొలాస వ్యవసాయ పరిశోధన స్థానానికో పోయి చూసి, చూసింది బొమ్మ గీయడం. చివరి మూడు రోజులు ఒక్కొక్కరూ తమ ఇంట్లో, ఊర్లో చూసిన ఒక ఇబ్బంది రాసి, దానికి ఉపాయం గీసి, అందరి ముందు చెప్పడం. వాటిలో మంచివి జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టర్ గారికి ఇచ్చి ఇన్‌స్పైర్‌కు పంపమని అడగడం.

దీనికి తోడు మూడు పనులు ఇప్పుడే చేసుకోండి. మీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పాస్‌పోర్టు దగ్గర అక్షరం తేడా కూడా అడ్డమవుతుంది. ఇక మూడోది, ఒక నోటుపుస్తకం పెట్టుకొని తట్టిన ఆలోచన తేదీతో సహా రాయండి.

పాత విద్యార్థులకు ఒక విన్నపం. కోరుట్లలో, జగిత్యాలలో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు ఆ పది రోజుల్లో ఒక్క మధ్యాహ్నం వచ్చి ఒక్క పాఠం చెప్పండి. డబ్బు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. మాకు తెలియక పోగొట్టుకున్నది వీళ్లకు తెలియజేయండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డిగ్రీ అయ్యాక ఎస్సీ విద్యార్థులకు విదేశీ చదువు కోసం మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఆ దేశాల జాబితాలో జపాన్ కూడా ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం జపాన్ సహకారంతోనే రూపుదిద్దుకుంది. దారులు చాలా ఉన్నాయి, వాటి గురించి మనకు చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఈ సంచిక చదివి పక్కన పడేయకుండా, ఒక క్యాలెండర్ కాగితం తీసుకొని కింది కుడి మూల మడవండి. 9, 12, 15 వస్తే మీ శిబిరం మొదలైనట్టే.