టెక్నాలజీ మంచిచెడ్డలు తేల్చే కొలువులు

కృత్రిమ మేధను తయారుచేసే ఉద్యోగాల గురించి మన విద్యార్థులకు ఒకరు చెప్పనక్కర్లేదు. దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి ముప్పు అని తేల్చే ఉద్యోగాలూ ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఈ రంగం పేరు టెక్నాలజీ అసెస్‌మెంట్. దేశాలు కలిసి చేస్తే మరింత బాగా సాగే పని ఇది.

2023 నవంబరులో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో జరిగిన సదస్సులో భారత్ సహా 28 దేశాలు, యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ ముప్పులను కలిసి అర్థం చేసుకోవాలని అంగీకరించాయి. అక్కడ పడిన బీజంతోనే కృత్రిమ మేధ శాస్త్రవేత్త యోషువా బెంజియో సారథ్యంలో వందమంది దాకా నిపుణులు పనిచేసి 2025 జనవరిలో ఒక నివేదిక వెలువరించారు. ప్రభుత్వాలు ఏం చేయాలో అందులో చెప్పలేదు. ఏది రుజువైంది, ఏది ఇంకా తేలలేదు, నిపుణులకు ఎక్కడ అభిప్రాయభేదం ఉంది అన్నవే రాశారు. తెలిసినదాన్ని, తెలియనిదాన్ని విడదీసి నిజాయతీగా రాయగలగడం ఈ వృత్తికి ప్రాణం.

జన్యుమార్పిడి పంటల విషయంలో ఇలాంటి ప్రయత్నం అంతకుముందే మొదలైంది. దేశాల సరిహద్దులు దాటే జన్యుమార్పిడి జీవులతో వచ్చే ముప్పును ఎలా అంచనా వేయాలో 2000లో కుదిరిన కార్టజెనా ప్రొటోకాల్ చెబుతుంది. దాని సభ్యదేశాలు 2012 అక్టోబరులో హైదరాబాద్‌లోనే సమావేశమయ్యాయి. 2002లో మన దేశంలో అనుమతి పొందిన జన్యుమార్పిడి పంట బీటీ పత్తిని సాగుచేసిన కుటుంబాల పిల్లలకు ఈ అంచనాల విలువ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఇంజినీరింగ్, వ్యవసాయం, న్యాయం, అర్థశాస్త్రం... ఏది చదివినా ఇటు రావచ్చు. పైచదువులకు ఐఐటీ ఢిల్లీలో పబ్లిక్ పాలసీ విభాగం, జేఎన్‌యూలో సైన్స్ పాలసీ అధ్యయన కేంద్రం ఉన్నాయి. ఢిల్లీలోని ఆర్‌ఐఎస్, బెంగళూరులోని సీస్టెప్ లాంటి పరిశోధన సంస్థల ప్రకటనలు గమనిస్తూ ఉండండి. మొదట్లో జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చేంత ఉండకపోవచ్చు. అది తెలిసే రండి.

డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ మండలంలో డ్రోన్‌తో పురుగుమందు కొడుతున్నారా? వెళ్లి చూడండి. ఎకరానికి ఎంత మందు, ఎంత నీరు పడుతోందో రైతును అడగండి. ఇంతకాలం స్ప్రేయర్ వీపున మోసిన కూలీకి ఇప్పుడు పని దొరుకుతోందా? గాలికి మందు పక్క చేలో పడితే నష్టం ఎవరు భరిస్తున్నారు? విన్నది, చూసింది, ఊహించింది వేర్వేరుగా రాసి, రెండు పేజీలకు కుదించండి. మీ మొదటి దరఖాస్తుకు ఆ రెండు పేజీలూ జతచేయండి.