నలభయ్యో నంబరు కారు

అమెరికాలో మోటారు పందేలకు రెండు ప్రసిద్ధ సంప్రదాయాలున్నాయి. చక్రాలు బయటికి కనిపిస్తూ, పైకప్పు లేకుండా, బాణంలా సన్నగా ఉండే ఇండీ కార్ల పందేలు ఒక రకం. చూపులకు వీధిలో తిరిగే కార్లవలెనే కనబడే స్టాక్ కార్ల పందేలు రెండవ రకం. 'స్టాక్' అనగా దుకాణంలో అమ్మకానికి ఉన్న సరుకు. జనం కొనుక్కొనే కార్లనే తెచ్చి పందెంలో నిలిపిన తొలినాళ్ళలో ఆ పేరు పుట్టింది. ఈ పందేలను 1948లో ఏర్పడిన నాస్కార్ సంస్థ నిర్వహిస్తున్నది. నేటి స్టాక్ కారుకు దుకాణంలోని కారుతో పోలిక తప్ప వేరే చుట్టరికం లేదు. పేరు మాత్రం మారలేదు.

ఐరోపా నుండి వచ్చిన చోదకులు ఇండీ కార్లలో గొప్ప విజయాలు సాధించారు. స్టాక్ కార్లలో అటువంటి విజయాలు అరుదు. 1967లో డేటోనా 500 పందెం గెలిచిన మారియో ఆండ్రెట్టి ఇటలీలో పుట్టినవాడే. కాని కౌమారంలోనే అమెరికా చేరి, అక్కడి మట్టి బాటలమీద పందేల విద్య నేర్చినవాడు. వేరొక విద్యలో చేయి తిరిగిన తరువాత, నడివయసులో స్టాక్ కారు ఎక్కినవారి కథ వేరు. అటువంటివారిలో డారియో ఫ్రాంకిట్టి ఒకడు.

ఫ్రాంకిట్టి 1973 మే 19న స్కాట్లండులోని బాత్‌గేట్ పట్టణంలో జన్మించాడు. ఆయన పూర్వులు ఇటలీ దేశీయులు. 1997లో అమెరికాకు వచ్చి అక్కడి పందేలలో ప్రవేశించాడు. 1999లో ఆయనకూ, కొలంబియా దేశస్థుడైన హువాన్ పాబ్లో మోంటోయాకూ సరిగ్గా 212 పాయింట్ల చొప్పున వచ్చాయి. మోంటోయా ఏడు పందేలు, ఫ్రాంకిట్టి మూడు పందేలు గెలిచి ఉండడం వలన కిరీటం మోంటోయాకు దక్కింది. ఆ పేరును మనం మరల వినవలసి ఉన్నది.

2007వ సంవత్సరం ఫ్రాంకిట్టికి కలిసివచ్చింది. వాన కారణంగా 166 చుట్లకే ముగిసిన ఇండియానాపొలిస్ 500 పందెంలో ఆయన విజేతగా నిలిచాడు. ఆ ఆగస్టులో వారం వ్యవధిలో రెండుసార్లు ఆయన కారు గాలిలోకి లేచి పల్టీ కొట్టినా, ప్రాణాపాయం తప్పింది. సెప్టెంబరులో చివరి పందెపు చివరి చుట్టులో, ముందున్న స్కాట్ డిక్సన్ కారులో ఇంధనం నిండుకోగా, ఫ్రాంకిట్టి దానిని దాటి ఆ ఏటి ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు ముప్పయి నాలుగు. ఆ శిఖరం మీద నిలిచి, మరుసటి నెలలోనే తాను స్టాక్ కార్లకు మారుతున్నట్లు ప్రకటించాడు. జట్టు యజమాని చిప్ గనాసి. అదే యజమాని వద్ద మోంటోయా అప్పటికే స్టాక్ కార్లు నడుపుతూ, ఆ జూన్‌లో సోనోమాలో ఒక పందెం గెలిచి ఉన్నాడు. ఒకనాటి ప్రత్యర్థులు ఒకే గూటికి చేరారు. ఫ్రాంకిట్టికి లభించినది నలభయ్యో నంబరు గల డాడ్జ్ కారు.

రెండు కార్లకూ స్టీరింగు ఉంటుంది గనుక ఒకటి నడిపినవాడు రెండవది నడపగలడనుకోవడం, వీణ వాయించేవాడు నాదస్వరమూ ఊదగలడనుకోవడం వంటిది. ఇండీ కారుకు ముందూ వెనుకా రెక్కలుంటాయి. వేగం పెరిగినకొద్దీ గాలి ఆ రెక్కలను అదిమి కారును నేలకు అంటిపెడుతుంది. స్టాక్ కారు బరువు దానికి సుమారు రెట్టింపు. గాలి ఒత్తిడి తక్కువ, బరువు ఎక్కువ కావడంతో అది మలుపులలో ఒరుగుతుంది, జారుతుంది. ముందు చక్రాలు మలుపు తిరగక బయటికి పోతే 'టైట్' అనీ, వెనుక భాగం తప్పుకొనిపోతే 'లూజ్' అనీ అంటారు. చోదకుడు ఆ తేడాను శరీరంతోనే పసిగట్టి రేడియోలో సిబ్బందికి చెప్పాలి. వారు దానినిబట్టి టైర్లలో గాలినీ, స్ప్రింగుల బిగింపునూ మారుస్తారు. చిన్ననాటినుండి ఈ కార్లలోనే పెరిగినవారికి ఆ మాటలు మాతృభాష. ఫ్రాంకిట్టికి అవి ఓనమాలు. అంతేకాదు, ఇండీ కార్లలో చక్రానికి చక్రం తగిలితే కారు ఎగిరిపోతుంది. స్టాక్ కార్లలో వెనుకనుండి మెల్లగా తట్టి దారి చేసుకోవడం ఆచారం.

మరొక చిక్కు నిబంధనలలో ఉన్నది. ఆనాడు ప్రతి పందెంలో నలభై మూడు కార్లకు చోటుండేది. యజమానుల పాయింట్లలో మొదటి ముప్పయి అయిదు స్థానాలవారికి ప్రవేశం ఖాయం. తక్కినవారు వేగ పరీక్షలో నెగ్గితేనే పందెం. లేకుంటే ఆ వారానికి ఇంటిదారి. నలభయ్యో నంబరు కారు ఆ ముప్పయి అయిదింటిలో నిలవలేకపోయింది. ఎక్కువ పందేలు నడిపితేగాని నేర్వలేని విద్య అది. నేర్వనిదే పందెంలో చోటు దొరకదు.

2008 ఫిబ్రవరిలో డేటోనా 500లో ఆయన ముప్పయి మూడవ స్థానం పొందాడు. ప్రధాన శ్రేణిలో ఆయన పాల్గొన్నవి మొత్తం పది పందేలు. వాటిలో ఉత్తమ ఫలితం మార్టిన్స్‌విల్‌లో వచ్చిన ఇరవై రెండవ స్థానం. అది అర మైలుకు కొంచెం మించిన, స్టాక్ కార్ల విద్యకు పేరుమోసిన ఇరుకు బాట. కొత్తవాడు తడబడవలసిన చోటనే ఆయన అందరికన్నా చివర మిగలక నిలదొక్కుకోవడం గమనింపదగినది.

ఏప్రిల్ 26న టాలడేగాలో రెండవ శ్రేణి పందెం జరుగుతుండగా ఆయన కారు గోడను తాకి తిరిగిపోయింది. ఆ స్థితిలో మరొక కారు వచ్చి చోదకుని పక్కను ఢీకొన్నది. ఎడమ చీలమండ విరిగింది. మే నెలలో ఇండియానాపొలిస్‌లో గనాసి ఇండీ జట్టుకే చెందిన స్కాట్ డిక్సన్ గెలిచిననాడు, అంతకుముందటి ఏటి విజేత ఆ పందెంలో లేడు.

స్టాక్ కారు దేహమంతా ప్రకటనలే. ఆ ప్రకటనల సొమ్ముతోనే జట్టు నడుస్తుంది. అమెరికా ఆర్థిక వ్యవస్థ కుంగుతున్న ఆ సంవత్సరంలో నలభయ్యో నంబరు కారుకు తగిన పోషకుడు దొరకలేదు. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, జూలై 1న గనాసి ఆ జట్టును మూసివేశాడు. చోదకునితో పాటు సిబ్బందికీ ఉపాధి పోయింది.

దీనిని వైఫల్యమని తేల్చివేయడం తొందరపాటు. మోంటోయా ఏడు సంవత్సరాలు నిలకడగా నడిపి, మూడవ ఏట ఎనిమిదవ ర్యాంకుకు చేరాడు. ఆయన రెండవ విజయం నాలుగవ ఏట గాని రాలేదు. ఫ్రాంకిట్టికి దక్కినది సగం సంవత్సరం. అందులో కొంత ఊతకర్రల మీద గడిచింది. జట్టు మూతపడిన మరుసటి నెలలో, కుడి ఎడమల మలుపులుండే వాట్కిన్స్ గ్లెన్ బాటపై రెండవ శ్రేణి వేగ పరీక్షలో ఆయనే ప్రథముడు. అయితే తక్కిన ఫలితాలు బాగున్నాయని చెప్పడానికి వీలులేదు. వేగం ఆయనలో ఉన్నది, కాలం చాలలేదు.

ఆ సెప్టెంబరులో, జట్టు మూసిన గనాసియే ఆయనను తన ఇండీ జట్టులోకి పిలిచాడు. 2009, 2010, 2011 సంవత్సరాలలో వరుసగా ఫ్రాంకిట్టి ఛాంపియన్ అయ్యాడు. 2010లోనూ, 2012లోనూ ఇండియానాపొలిస్ 500 గెలిచాడు. 2013 అక్టోబరులో హ్యూస్టన్ ప్రమాదంలో వెన్నుపూసలు దెబ్బతినగా, వైద్యుల సలహాపై నవంబరులో విరమణ ప్రకటించాడు.