ఉట్టి నేర్పిన పాఠం: ఇంటి పిల్లికి శిక్షణ

తెలుగునాట పూర్వం వంటింట్లో ఉట్టి వేలాడుతూ ఉండేది. పాలు, పెరుగు, వెన్న పిల్లి నోటికి అందకుండా ఉంచడానికి గృహిణులు కల్పించుకున్న సాధనమది. 'పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా' అనే సామెతకు మూలం ఆ వంటిల్లే. ఈ ఏర్పాటులో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఆనాటివారు పిల్లి స్వభావాన్ని మార్చడానికి పూనుకోలేదు. ఎక్కినా, దూకినా ఫలితం దక్కని విధంగా వంటింటినే అమర్చుకున్నారు. జంతుప్రవర్తన శాస్త్రం నూరేళ్ళకు పైగా ప్రయోగాలు చేసి తేల్చిన విషయమూ ఇంచుమించు ఇదే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తరూపంలో ఎదురవుతున్నది. పిల్లలు ముచ్చటపడి ఒక పిల్లికూనను తెచ్చుకుంటారు. నెల తిరగకుండానే సోఫా చేతుల మీద గోళ్ళ గీతలు, భోజనాల బల్ల మీద పాదముద్రలు కనిపిస్తాయి. పూజాపీఠం మీద దీపపు కుందె పక్కనే పిల్లి కునుకు తీస్తూ ఉంటుంది. చూడవచ్చిన అమ్మమ్మగారు సోఫా దిండ్ల కింద నాలుగు కలరా ఉండలు పెడతారు. తల్లి నారింజ తైలం చల్లుతుంది. తండ్రి నీళ్ళ పిచికారీ చేతబట్టుకొని కాపలా కాస్తాడు. ఈ మూడు ఉపాయాలలో ఏదీ శిక్షణ కాదు. మొదటి రెండూ పిల్లి ప్రాణానికే ముప్పు తేగలవి. ఎందువల్లనో తెలుసుకోవాలంటే కొంత మనస్తత్వ శాస్త్రమూ, కొంత రసాయన శాస్త్రమూ అవసరం.

పిల్లి ఎందుకు ఎక్కుతుంది?

పిల్లి వేటాడే జంతువే గాక, తనకంటె పెద్ద జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కూడ. అందుచేత నలుదిక్కులా కనిపించే ఎత్తైన చోటు దానికి భద్రస్థానం. బల్ల, అలమర, వంటగది గట్టు – ఇవన్నీ దాని దృష్టిలో చెట్టుకొమ్మలే. దీనికి తోడు వెచ్చదనం, కిటికీలోనుంచి కనిపించే పిట్టలు, గట్టు మీద మిగిలిపోయిన చేపముక్క వాసన దానిని ఆకర్షిస్తాయి.

సోఫాను గీరడం వేరొక అవసరం. గీరినప్పుడు గోటి పైపొర ఊడి కొత్తగోరు పదునుతో బయటపడుతుంది. వెన్ను, భుజాల కండరాలు సాగుతాయి. అన్నిటికంటె ముఖ్యంగా, పాదాల వేళ్ళ మధ్య ఉన్న గ్రంథులనుండి స్రవించే వాసన ద్రవ్యాలు ఆ గీతలలో నిలిచిపోతాయి. అది పిల్లి వ్రాసుకున్న చిరునామా వంటిది. కనుకనే ఒకసారి గీరిన చోటనే మళ్ళీ మళ్ళీ గీరుతుంది. కోపమో, పగో దీనికి కారణం కాదు. అవసరాన్ని నిషేధించడం సాధ్యం కాదు. అది తీరే చోటును మార్చడం మాత్రమే సాధ్యం.

థార్న్‌డైక్ పెట్టెలు

జంతువులు ఎలా నేర్చుకుంటాయన్న ప్రశ్నకు తొలి ప్రయోగాత్మక సమాధానాలలో ఒకటి పిల్లుల ద్వారానే లభించింది. 1898లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ తన డాక్టరేటు పరిశోధన కోసం చెక్కపట్టీలతో కొన్ని పెట్టెలు తయారు చేశాడు. ఆకలితో ఉన్న పిల్లిని పెట్టెలో ఉంచి, ఆహారాన్ని వెలుపల పెట్టాడు. లోపలి తీగనో, గడియనో కదిలిస్తే తలుపు తెరుచుకొంటుంది. పిల్లి మొదట గీరింది, కొరికింది, పట్టీల సందులలోనుంచి దూరబోయింది. చివరకు యాదృచ్ఛికంగా గడియ కదిలింది. ఒక పిల్లికి మొదటిసారి 160 సెకన్లు పట్టగా, 24వ సారికి 7 సెకన్లు మాత్రమే పట్టింది. ఈ తగ్గుదల ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. దీనినిబట్టి పిల్లి తర్కించి రహస్యాన్ని కనిపెట్టలేదని, సుఖఫలితమిచ్చిన చేష్ట స్థిరపడి, ఫలితమివ్వని చేష్టలు రాలిపోయాయని థార్న్‌డైక్ నిర్ణయించాడు. తరువాత ఆయన దీనికి 'ఫల నియమం' అని పేరు పెట్టాడు.

ఆయనే 1930 దశకంలో తన నియమాన్ని సవరించుకున్నాడు. బహుమానం చేష్టను బలపరచినంతగా శిక్ష దానిని బలహీనపరచలేదని ఆయన గుర్తించాడు. నీళ్ళ పిచికారీ విఫలం కావడానికి కారణం ఇక్కడే దొరుకుతున్నది. నీళ్ళు పడినప్పుడు పిల్లి నేర్చుకునేది 'బల్ల ఎక్కరాదు' అని కాదు. 'ఈ మనిషి ఉండగా బల్ల ఎక్కరాదు' అని. ఇంటివారు ఉద్యోగాలకు వెళ్ళగానే బల్ల దాని సింహాసనమవుతుంది. యజమానిని చూస్తే భయం కూడ మిగులుతుంది.

అప్పుడప్పుడు దొరికే ముక్క

బి. ఎఫ్. స్కిన్నర్ ఈ విషయాన్ని మరికొంత ముందుకు తీసుకొని వెళ్ళాడు. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ప్రకటించిన గ్రంథంలో, ప్రతిసారీ దొరికే బహుమానంకంటె ఎప్పుడో ఒకప్పుడు దొరికే బహుమానమే అలవాటును మొండిగా నిలుపుతుందని పావురాలపై ప్రయోగాలతో చూపాడు. జూదగాడు యంత్రాన్ని వదలలేకపోవడానికీ, పిల్లి వంటగట్టును వదలకపోవడానికీ కారణం ఒకటే. పదిసార్లలో ఒకసారి కోడిమాంసపు తునక దొరికినా చాలు, మిగిలిన తొమ్మిదిసార్లు అది ఆశతో ఎక్కుతుంది. కనుక గట్టు మీద ఆహారం 'సాధారణంగా' ఉండకపోవడం చాలదు, ఎన్నడూ ఉండరాదు. ఉట్టి చేసిన పని అదే.

గట్టు శుభ్రంగా ఉంచిన తొలిరోజులలో పిల్లి మునుపటికంటె ఎక్కువగా ఎక్కవచ్చు. ఫలితం ఆగిపోయినప్పుడు చేష్ట కొంతకాలం ఉధృతమై, ఆ తరువాతనే క్షీణించడం సహజం. ఈ దశలో విసిగి ఒక్క ముక్క విదిల్చినా శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

పది కర్బనాల కుటుంబం

ఇక వాసన ద్రవ్యాల సంగతి. కలరా ఉండలలోని నాఫ్తలీను, హారతి కర్పూరం, నారింజ తొక్కలోని లిమొనీను, యూకలిప్టస్ తైలంలోని సినియోలు – ఈ నాలుగింటి అణువులలోనూ పదేసి కర్బన పరమాణువులుంటాయి. నాలుగూ సులభంగా ఆవిరై గాలిలో కలిసేవే. మనిషి ముక్కుకు ఇవి 'శుభ్రమైన' వాసనలు. పిల్లికి వీటిలో కొన్ని గిట్టవన్నది నిజమే. అయితే పిల్లి తన బొచ్చును నాకి శుభ్రపరచుకునే జంతువు. సోఫాకు అంటిన తైలం పాదాలకు, పాదాలనుండి నాలుకకు, నాలుకనుండి కడుపులోకి చేరుతుంది.

మానవదేహంలో ఇటువంటి పదార్థాలు చేరినప్పుడు కాలేయం వాటికి గ్లూక్యురోనిక్ ఆమ్లాన్ని జతచేసి, నీటిలో కరిగేట్లు మార్చి, మూత్రం ద్వారా వెలికి పంపుతుంది. ఫినాలు జాతి పదార్థాలకు ఈ జతకూర్పు చేసే ఎంజైములలో ముఖ్యమైన దాని జన్యువు పిల్లిలో చెడిపోయి ఉన్నదని 2000 సంవత్సరంలో కోర్ట్, గ్రీన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. కేవల మాంసాహారంతో బ్రతికిన జాతికి మొక్కలలోని ఫినాలులను విరిచే అవసరం లేకపోవడంచేత ఆ జన్యువు నిరుపయోగమై ఉండవచ్చునని ఒక వివరణ.

రెండవ లోపం రక్తంలో ఉన్నది. మానవ హీమోగ్లోబిన్ అణువులో ఆక్సీకరణకు సులభంగా లొంగే గంధక సమూహాలు రెండుండగా, పిల్లి హీమోగ్లోబిన్‌లో ఎనిమిది ఉంటాయి. నాఫ్తలీను దేహంలో మార్పుచెందినప్పుడు పుట్టే పదార్థాలు వీటిపై దాడిచేస్తాయి; ఎర్రకణాలు పగిలిపోతాయి. వంటింట్లో తరిగిపెట్టిన ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు చేసే హానీ ఇదే. జ్వరానికి పెద్దలు వేసుకునే పారాసెటమాల్ మాత్ర పిల్లిని ఈ రెండు లోపాల వద్దా దెబ్బతీస్తుంది. ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు.

కనుక కలరా ఉండలు, కర్పూరం, సుగంధ తైలాలు, స్వదేశంనుండి తెచ్చుకున్న ఫినాయిలు – వీటిలో దేనినీ పిల్లిని తరమడానికి వాడరాదు. బల్ల మీది పూలకుండీలో లిల్లీపూలు కూడ ఉంచరాదు. వాటి పుప్పొడి నాకినా పిల్లికి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇటువంటిది జరిగిందని అనుమానం వస్తే లక్షణాలకోసం వేచి ఉండక, వెంటనే పశువైద్యుని గాని, అమెరికాలో ఏ.ఎస్.పి.సి.ఏ. నడిపే జంతువిష నియంత్రణ కేంద్రాన్ని గాని సంప్రదించాలి.

కుప్పింటాకు

ఇదే పది కర్బనాల కుటుంబంలో పిల్లికి ప్రీతిపాత్రమైన అణువు కూడ ఒకటున్నది. క్యాట్‌నిప్ అనే మొక్కలోని నెపెటాలాక్టోన్ వాసనకు చాలా పిల్లులు పరవశించి పొర్లాడుతాయి. తెలుగు పల్లెలలో పెరటి గోడల పక్కన కలుపుగా మొలిచే కుప్పింటాకు మొక్క వేరు దగ్గర కూడ పిల్లులు ఇలాగే ప్రవర్తిస్తాయి. ఆ వేరులోని ఆకర్షక ద్రవ్యాలు నెపెటాలాక్టోన్‌కు దగ్గరి బంధువులేనని 2016లో రసాయనికులు గుర్తించారు. కుప్పింటాకులో సయనైడు పుట్టించగల పదార్థం కూడ ఉన్నది గనుక దానిని పిల్లికి పెట్టరాదు. క్యాట్‌నిప్ ఎండుటాకు అమెరికాలో అంగళ్ళలో దొరుకుతుంది. సోఫా మీద గిట్టని వాసన చల్లడానికి బదులు, గీరవలసిన స్తంభం మీద ఇష్టమైన వాసన చల్లడం క్షేమకరమూ, ఫలవంతమూ అయిన మార్గం. క్యాట్‌నిప్‌కు స్పందించని పిల్లులూ కొన్ని ఉంటాయి. ఆ స్పందన వంశపారంపర్య లక్షణం.

ఆచరణ క్రమం

1. ముందుగా ప్రత్యామ్నాయం. పిల్లి నిలువునా సాగి గీరగలిగేటట్లు సుమారు మూడడుగుల ఎత్తు, ఊగని బరువైన పీట కలిగి, నారతాడు చుట్టిన స్తంభాన్ని సోఫా పక్కనే నిలపాలి. మూలగదిలో దాచరాదు; వాసనల చిరునామా నలుగురూ తిరిగే చోటనే ఉండాలన్నది పిల్లి కోరిక. ఎక్కడానికి కిటికీ వద్ద ఒక ఎత్తైన అరుగు అమర్చాలి.

2. పాత చోటు రుచించకుండా చేయాలి. సోఫా చేతులకు రెండువైపులా అంటుకునే టేపును, గట్టు అంచున అల్యూమినియం రేకును కొన్ని వారాలు ఉంచాలి. జిగటగా ఉండే తలాన్ని పిల్లి పాదం సహించదు. ఇది మనిషి ఉన్నా లేకున్నా ఒకే తీరుగా పనిచేస్తుంది. పిచికారీకి లేని గుణం ఇదే.

3. పాత వాసనను తొలగించాలి. మూత్రం మరకలైతే ఎంజైములున్న ద్రవంతో కడగాలి. అమోనియా కలిసినవి వాడితే వాసన మూత్రాన్ని తలపించి పిల్లిని మళ్ళీ అక్కడికే రప్పించవచ్చు. అమోనియాను, బ్లీచిని కలిపితే క్లోరమీను అనే విషవాయువు పుట్టి ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

4. బహుమానం వెంటనే ఇవ్వాలి. స్తంభాన్ని గీరినా, అరుగెక్కినా ఒకటి రెండు సెకన్లలో అందించాలి. ఆలస్యమైతే అది ఏ పనికి దక్కినదో పిల్లికి బోధపడదు. తీపి పనికిరాదు; పిల్లి జాతిలో తీపిని గుర్తించే రుచిగ్రాహక జన్యువు పనిచేయదని 2005లో వెల్లడైంది. పాలు కూడ పెద్దపిల్లులలో చాలావాటికి అరగవు. ఉడికిన కోడిమాంసమో, చేపో గోరంత ముక్క చాలు. శాకాహార కుటుంబాలు అంగడిలో దొరికే పిల్లి తినుబండారాలను వాడుకోవచ్చును. పిల్లి మాత్రం శాకాహారి కాజాలదు. దానికి అవసరమైన టారిన్ మొక్కలలో దాదాపు ఉండదు.

5. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద నిలవాలి. తండ్రి దించిన పిల్లిని తాతగారు ఒడిలోకి తీసుకొని భోజనాల బల్ల వద్ద అన్నం ముద్ద పెడితే, స్కిన్నర్ చెప్పిన జూదం మళ్ళీ మొదలవుతుంది.

ఒక్క హెచ్చరిక. సోఫా కాపాడుకోవడానికి పిల్లి గోళ్ళు శస్త్రచికిత్సతో తీయించే ఆచారం అమెరికాలో చాలాకాలంగా ఉన్నది. అది గోరు కత్తిరించడం కాదు; ప్రతి వేలి చివరి ఎముకను కోసివేయడం. న్యూయార్కు రాష్ట్రం దీనిని 2019లో నిషేధించింది. రెండు మూడు వారాలకొకసారి గోటి మొనను మాత్రం కత్తిరిస్తే ఆ అవసరమే రాదు.

ఈ పద్ధతికి కొన్ని వారాల ఓపిక కావాలి. పిల్లలున్న ఇంట ఈ పనిని వారికే అప్పగించి, రోజుకు ఎన్నిసార్లు గట్టెక్కిందో, ఎన్నిసార్లు స్తంభం గీరిందో ఒక పుస్తకంలో వ్రాయించడం మంచిది. నెల గడిచేసరికి ఆ అంకెలతో గీసిన రేఖాచిత్రం థార్న్‌డైక్ రేఖను పోలి ఉండవచ్చు. అమ్మమ్మగారి కలరా ఉండలు మాత్రం ఆ ఇంట ఉండనే కూడదు. చీరల పెట్టెలోనైనా సరే, మూత తెరచిన ప్రతిసారీ పిల్లి అందులో దూరి పడుకోవాలనే చూస్తుంది. ఆ విషయం ఆమెకు మెల్లగా నచ్చజెప్పవలసిన బాధ్యత మనుమలది. ఉట్టి సంగతి ఎత్తితే ఆమెకు ఇట్టే అర్థమవుతుంది.