నేల మీద గీసిన కమాను

విశాఖ ఆటోనగర్‌లో రేకుల షెడ్డుకి ట్రస్సు తయారుచేసేటప్పుడు ప్లాను కాగితం కాసేపే చేతిలో ఉంటుంది. సిమెంటు నేల ఊడ్చి, దారం లాగి, చాక్‌పీసుతో ట్రస్సుని అసలు సైజులో గీస్తారు. ఆ గీతల మీద యాంగిళ్లు పరిచి, కోసి, టాకాలు వేస్తారు. మొదటిది కుదిరిందంటే మిగతావన్నీ దాని మీద పేర్చి చేసేయడమే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ పల్లెల్లో రాతి చర్చిలు కట్టిన మేస్త్రీల పద్ధతీ ఇదే. ఆ పని అర్థం కావాలంటే చరిత్ర పుస్తకం కన్నా గాజువాక వైపు ఏదో ఒక షెడ్డులో గంటసేపు నిలబడడం మేలని నా అభిప్రాయం.

ఆ వంశపు కట్టడాల్లో తెలుగునేల మీద పేరున్నది మెదక్ చర్చి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో పని మొదలుపెట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి కూలీ, తిండీ దొరికింది ఈ పనిలోనే. పల్లె చర్చి కన్నా ఇది చాలా పెద్దది, కాలం కూడా ఆధునికం. కానీ మొనదేలిన కమాను, బొమ్మల గాజు కిటికీ, గోపురం మధ్యయుగపు ఇంగ్లండ్ నుంచి వచ్చినవే. అక్కడ వాటిని ఎలా కట్టారో వరసగా చూద్దాం.

ముందు దిక్కు. పూజావేదిక తూర్పున ఉండాలి కాబట్టి అటు కొస నుంచే పని మొదలయ్యేది. వేదిక ఉన్న గది లేస్తే పూజ సాగుతుంది, జనం కూర్చునే హాలు తర్వాతైనా ఫర్వాలేదు. ఖర్చులోనూ వాటాలుండేవి: వేదిక గది బాగోగులు మతగురువు ఖాతా, హాలు ఊరి ఖాతా. ఒకే చర్చిలో అటు కప్పు ఒక తీరుగా, ఇటు కప్పు ఇంకో తీరుగా కనిపిస్తే, దానికి శిల్పశాస్త్రం కన్నా ఈ లెక్కే కారణం కావచ్చు.

పునాది గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. చాలాచోట్ల లోతు తక్కువ, కందకం తవ్వి రాళ్లు నింపడమే. గోడ మాత్రం ఆలోచించి కట్టేవారు. లోపలా బయటా చెక్కిన రాయి, మధ్యలో రాళ్ల ముక్కలూ సున్నమూ. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్చి, నీళ్లు పోసి విరగ్గొట్టి, ఇసుక కలిపేవారు. మన ఉక్కు కర్మాగారంలోనూ సున్నపురాయి కాలుస్తారు, కాకపోతే అక్కడ ఆ సున్నం ఉక్కులోని మలినాలు లాగడానికి. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, చలికాలం మంచుకి పగిలిపోతుంది. అందుకే చలి మొదలవగానే గోడ మీద గడ్డీ పేడా కప్పి, తాపీవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయేవారు. పరంజా కర్రలు దూర్చిన కన్నాలు కొన్ని పాత గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

అసలు సంగతి కమాను దగ్గరుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కట్టిన చర్చిల్లో కమాను గుండ్రం. గుండ్రానికి ఒక చిక్కుంది: ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. పది అడుగుల వెడల్పుకి ఐదు అడుగులు, అంతే. పన్నెండో శతాబ్దం చివరికి మొనదేలిన కమాను వచ్చింది. దాన్ని గీయడం మీరే చేసి చూడొచ్చు. నేల మీద పది అడుగుల గీత గీసి, రెండు కొసల్లో మేకులు కొట్టండి. ఒక మేకుకి పది అడుగుల దారం కట్టి పైకి చాపం గీయండి, రెండో మేకు నుంచి ఇంకొకటి. రెండూ కలిసే మొన ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తున వస్తుంది. మేకుల్ని బయటికి జరిపి దారం పెంచితే వెడల్పు మారకుండానే మొన ఇంకా పైకి పోతుంది. బరువు కూడా పక్కకి తోయడం తగ్గి, ఎక్కువగా కిందికే దిగుతుంది. మిగిలిన తోపుడు ఆపడానికే గోడ బయట ఊతగోడలు కట్టారు.

ఈ గీతలు గీసుకోవడానికి పెద్ద చర్చిల్లో ప్రత్యేకంగా గచ్చు వేసేవారు. అలాంటి గీతల గచ్చులు యార్క్‌లోనూ వెల్స్‌లోనూ ఇంకా మిగిలున్నాయి. గీత కుదిరాక పల్చటి చెక్క మీద ఒక్కో రాయి ఆకారం కోసి పనివాళ్లకి ఇచ్చేవారు. రాయి చెక్కినవాడు దాని మీద తన గుర్తు వేసుకునేవాడు. కూలీ లెక్క తేల్చడానికి అదొక దారి. తర్వాత వడ్రంగి కమాను ఆకారంలో చెక్క సెంట్రింగు నిలిపితే, దాని మీద రెండు వైపుల నుంచీ సమానంగా రాళ్లు పేర్చుకుంటూ మొన దగ్గర కలిపేవారు. సున్నం పట్టు బిగిశాక కింది చీలలు కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక్కసారిగా లాగేస్తే రాళ్లు కదిలిపోతాయి.

కప్పుకి పచ్చి ఓకు కలప వాడేవారు, ఎండితే ఉలి దిగదు. దూలాలన్నీ ముందు కిందే బిగించి చూసి, కీళ్ల మీద అంకెలు చెక్కి, విప్పి పైకి ఎక్కించేవారు. మన షెడ్లలో ముక్కల మీద పంచితో గుర్తులు కొట్టి సైటుకి పంపుతారే, అదే పని. దాని మీద సీసపు రేకులు పరిచేవారు.

గోపురం చివరి పని. సున్నం ఆరేదాకా ఆగుతూ ఏళ్ల తరబడి లేపాలి. 1348లో ప్లేగు మహమ్మారి వచ్చి పనివాళ్లు పోయిన చోట అది సగంలోనే ఆగిపోయింది కూడా. దారులు బాగోలేని రోజుల్లో కొన్ని ఊళ్లలో గంటని చర్చి ఆవరణలోనే గొయ్యి తీసి పోతపోశారు: మట్టి అచ్చు, సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం.

గాజు బొమ్మలకీ అసలు సైజు గీతే ఆధారం. వెల్ల వేసిన బల్ల మీద బొమ్మ గీసి, రంగు గాజుని దాని ప్రకారం కోసి, ముఖాలూ మడతలూ నల్లరంగుతో దిద్ది కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో అతికేవారు. పదహారో శతాబ్దపు మత సంస్కరణల్లో ఇంగ్లండ్ గోడల బొమ్మలకి వెల్ల వేసేశారు, గాజు చాలాచోట్ల పగలగొట్టారు. అది మాత్రం క్షమించరాని పని.

మెదక్ కిటికీల్లోని క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం బొమ్మలు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేతివి. వెలుగు బయటి నుంచి లోపలికి రావాలి కాబట్టి చీకటి పడ్డాక లోపల నిలబడితే అవి కనిపించవు. విశాఖ నుంచి అంత దూరం వెళ్లేవారు పగలే చేరుకునేలా ప్రయాణం పెట్టుకోండి.