సైకిలు యంత్రము దారి తప్పించుట యేల?

సైకిలు హ్యాండిలుకు బిగించుకొను చిన్న యంత్రమొకటి ఇటీవల మన ప్రాంతపు బాలుర చేతులలోనికిని వచ్చినది. అది అరచేతిలో పట్టునంతటి పలక, పలకపై పటము, పటముపై రంగుగీత. మలుపు దగ్గఱపడగనే కీచుమని మ్రోగి, బాణపు గుర్తు చూపి, ఎడమకో కుడికో మరలుమని చెప్పును. తల్లిదండ్రులు కొందఱు దీనిని కొనియిచ్చి, ఇక పిల్లవాడు దారి తప్పడని నిశ్చింతగా నున్నారు. కాని యీ యంత్రము తప్పుదారి పట్టించుట అరుదు కాదు. జాతీయ రహదారి ప్రక్కనే నివసించు మనకు తప్పుదారి యనగా ఆలస్యము మాత్రమే కాదు. లారీల కెదురుగా పోవుట కూడ కావచ్చును. కావున దానికి తెలిసినదెంతో, తెలియనిదెంతో విచారింతము.

ముందుగా యంత్రమునకు తన చోటు ఎట్లు తెలియును? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున అమెరికావారి జీ.పీ.ఎస్. ఉపగ్రహములు తిరుగుచున్నవి. వానిలో మొదటిది 1978లో పైకి పంపబడెను. ప్రతి యుపగ్రహమును తనయందలి అణుగడియారమునుబట్టి కాలమును చాటుచుండును. ఆ సంకేతము వెలుతురు వేగమున వచ్చును గనుక, ఎంత సేపటికి చేరినదో లెక్కించినచో ఎంత దూరమునుండి వచ్చినదో తేలును. ఈ లెక్కలో సెకనునందు పదిలక్షలవ వంతు తప్పినను దూరము 300 మీటర్లు తప్పును. అక్షాంశము, రేఖాంశము, ఎత్తు, యంత్రపు గడియారములోని దోషము: ఇవి నాలుగు తెలియని రాసులు. కావున నాలుగు ఉపగ్రహములైనను కనబడవలెను. తెలియని రాసు లెన్నియో సమీకరణములన్ని కావలెనని బీజగణితము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2000 మే నెలవఱకు అమెరికా ప్రభుత్వము పౌరులకిచ్చు సంకేతమును కావలెననియే కొంత చెఱచి పంపుచుండెను. అది మానిన పిమ్మటనే యిట్టి యంత్రములు సైకిళ్లకెక్కుటకు పనికివచ్చినవి. మన దేశపు నావిక్ వ్యవస్థలో తొలి యుపగ్రహము 2013 జులై 1వ తేదీన ఎగిరినది.

ఇంత చేసినను, ఆకాశము తేటగా కనబడుచోట సైతము అయిదు మీటర్ల యటునిటు తేడా యుండుట సామాన్యము. పొలముల నడుమ నొంటి రోడ్డున్నచో ఈ తేడా లెక్కకు రాదు. కాని పెద్ద రోడ్డును, దాని ప్రక్కనే సర్వీసు రోడ్డును సమాంతరముగా సాగునప్పుడు, మన మే రోడ్డుపై నున్నామో యంత్రము నిశ్చయింపజాలదు. పై వంతెన మీద నున్నామా, క్రింద నున్నామా యనుట మఱియు కష్టము. ఎత్తును కనుగొనుటలో తేడా యింకను ఎక్కువ.

ఇంకొక చిక్కు కలదు. యంత్రము తానే దిక్కునకు పోవుచున్నదో యెఱుగుట, ఈ క్షణమందలి చోటును వెనుకటి క్షణపు చోటుతో పోల్చియే. గంటకు 18 కిలోమీటర్ల వేగమున సైకిలు సెకనుకు అయిదు మీటర్లు పోవును. నిలిచినచో పోల్చుటకేమియు నుండదు. మనము దారి సరిచూచుకొనుటకు కూడలిలోనే కదా ఆగుదుము! సరిగా నచ్చటనే బాణము గిఱ్ఱున తిరుగును. కొన్ని యంత్రములలో అయస్కాంతపు దిక్సూచి యుండును గాని, సైకిలులోని ఉక్కు దానిని కొంత లాగును. భూమియొక్క అయస్కాంత శక్తి యెంత సున్నితమైనదో యెఱుగగోరువారు దూరము పోనక్కఱలేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు నగరపు యంత్రముల యలజడికి దూరముగా మన చౌటుప్పల్‌నందే అయస్కాంత పరిశీలనాలయము నెలకొల్పినారు.

ఇక అసలు సంగతికి వత్తము. దారిని యంత్రములో నింపుట రెండు విధములు. బాటసారికి దారి చెప్పునప్పుడు "మల్కాపురము పో, అచ్చటినుండి పోచంపల్లి పో" అని ఊళ్ల పేర్లు మాత్రము చెప్పుట యొకటి. నేలపై పుల్లతో గీత గీసి, "ఇదిగో, దీనివెంట పో" అనుట రెండవది. మొదటి విధమున నడుమదారిని యంత్రమే తన పటమునుబట్టి కల్పించుకొనును. ఇంటియొద్ద కంప్యూటరుపై మనము చూచిన పటమొకటి, యంత్రములోని పటము వేఱొకటి యైనచో, మనము కోరిన చెఱువుకట్ట దారి పోయి, అది కోరిన దారి వచ్చును. రెండవ విధమున గీత మాఱదు. కాని గీతలో మలుపులను గూర్చిన మాటలుండవు, బిందువులు మాత్రమే యుండును. ఆ బిందువులను తన పటములోని రోడ్లతో సరిపోల్చి, ఎచ్చట మరలవలెనో యంత్రము ఊహించుకొనవలెను. రోడ్డు కొంచెము వంగినను మలుపని మ్రోగుట, నిజమైన చీలిక వచ్చినను ఊరకుండుట యిందువలననే. మలుపులను ముందుగానే గుర్తులుగా వ్రాసిపెట్టు పద్ధతియు కలదు. కాని రెండు మలుపులు దగ్గఱదగ్గఱగా నున్నచో మొదటి హెచ్చరికను రెండవది కప్పివేయును.

గడచిన జనవరిలో మా పైతరగతి బాలురు అయిదుగురు ఒక యుపాధ్యాయుని వెంట పోచంపల్లికి సైకిళ్లపై పోయివచ్చిరి. 1951లో వినోబా భావే పాదచారియై వచ్చి, భూదానమునకు నాంది పలికిన యూరది. పోవునప్పటి గీతనే త్రిప్పివేసి తిరుగుదారిగా నింపుకొనిరి. ఇందులోనే ప్రమాద మిమిడియున్నది. మన రహదారి నడుమ గట్టుతో రెండుగా చీలినది. పడమటికి పోవువారు దక్షిణపు భాగమునను, తూర్పునకు వచ్చువారు ఉత్తరపు భాగమునను నడువవలెను. పోయినప్పటి గీత దక్షిణపు భాగముపై నున్నది. దానిని త్రిప్పినను అది యచ్చటనే యుండును గదా! పోచంపల్లి దారినుండి రహదారి నెక్కి ఎడమకు తిరిగి సవ్యముగా వచ్చుచున్న బాలురకు, దారి తప్పితిరనియు, గట్టు దాటి అవతలికి పొమ్మనియు యంత్రము పదేపదే మ్రోగెను. "యంత్రము చెప్పుచున్నది గదా, సార్!" అని యొక బాలుడు గట్టువైపు మరలబోగా ఉపాధ్యాయుడు వారించి, యంత్రమును ఆర్పించి, ఎడమ యంచుననే ఇంటికి తెచ్చెను. ఆ మాట వినియుండినచో హైదరాబాదునుండి కాక, హైదరాబాదునకు పోవు బస్సులకు వీరెదురు పడియుందురు.

మలుపు తప్పినప్పుడు క్రొత్తదారి వెదకు గుణమును మఱియొక కారణము. కొన్ని యంత్రములు తప్పిన చోటికే వెనుకకు పొమ్మనును. కొన్ని నడుమ చూడవలసిన యూళ్లనన్నిటిని విడిచి, నేరుగా గమ్యమునకు దగ్గఱిదారి చూపును. పోయిన దారినే తిరిగివచ్చు ప్రయాణమున యంత్రము పోకను రాకగా భ్రమించి, బయలుదేఱిన కొంతసేపటికే ప్రయాణము ముగిసినదని ప్రకటించుటయు కలదు. ఇది నవ్వు పుట్టించునే గాని హాని చేయదు.

పటములోని లోపములకు యంత్రము బాధ్యము కాదు. ఇట్టి యంత్రములలో పెక్కింటికి ఆధారము 2004లో ఆరంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటము. దానిని లోకములోని సామాన్యులే గీయుదురు, ఎవరైనను దిద్దవచ్చును. కాని యంత్రములోనికి ఒకసారి దింపిన పటము దింపిననాటిదిగనే యుండిపోవును. సైకిలువారికి రహదారి తప్పింపవలెనను సదుద్దేశముతో అది మనలను బండ్లబాట లెక్కించును. గీతగా చూచిన తారురోడ్డును చెలకలోని బాటయు నొక్కటివలెనే కనబడును. పల్లేరుకాయ టైరులో దిగినప్పుడు గాని భేదము తెలియదు. పేర్లును చిక్కులే. చౌటుప్పల్ పేరును ఆంగ్లాక్షరములలో మూడు నాలుగు విధముల వ్రాయుదురు. నారాయణపురము లెన్నియో యున్నవి. మన పొరుగూరికి సంస్థాన్ అను మాట చేర్చి వెదకనిచో ఎక్కడికో పోవుదుము.

మూసీ సంగతి వేఱుగ చెప్పవలెను. భువనగిరికి పోవు దారిలో సంగెము వద్ద నదిపైనున్న తక్కువయెత్తు వంతెనపై వఱదకాలమున నీరు పొర్లి రాకపోకలు నిలిచిపోవుట ఈ ప్రాంతమువా రెఱిగినదే. పటములో మాత్రము వఱద దినమునను, ఎండ దినమునను వంతెన వంతెనయే. ఏటి యొడ్డున నిలిచిన గొఱ్ఱెలకాపరిని "ఏమన్నా, నీళ్లెంతున్నవి?" అని యడిగినచో తెలియు సంగతి ఉపగ్రహమునకు తెలియదు.

యంత్రమున్న విద్యార్థులు చేయదగిన పని యిది. సెలవులలో మీ యింటినుండి వలిగొండకో, చిట్యాలకో పోకకు వేఱుగ, రాకకు వేఱుగ రెండు గీతలు గీయుడు. గీత ప్రతిచోటను ఎడమభాగముననే యున్నదో లేదో పటమును పెద్దది చేసి చూడుడు. క్రొత్తదారి తనంతట వెదకు గుణమును యంత్రములో ఆపివేయుడు. ముఖ్యమైన మలుపులను, అచ్చటి చెట్టో గుడియో బడియో గుర్తుతో సహా, కాగితముపై వ్రాసి జేబులో నుంచుకొనుడు. యంత్రము ఎన్ని మలుపులను సరిగా చెప్పినదో, ఎచ్చట తప్పినదో, ఏ కారణమున తప్పినదో పట్టికగా వ్రాసి, బడి తెఱచిన మొదటివారమున భూగోళపు తరగతికి తెండు.