ఓషధులు - విషములు

మన పెరళ్లలోను, పొలము గట్లమీదను, అడవులలోను పెరుగు మొక్కలలో ఔషధములుగా ఉపయోగపడునవి పెక్కులు కలవు. తులసి, వేప, అల్లము, పసుపు ఇంటింటను వాడుకలో నున్నవి. ఈ పరిచయమువలన పలువురి మనస్సులలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. ఆకులును వేళ్లును ప్రకృతి ప్రసాదించినవి గనుక, వానివలన మేలు కలుగకపోయినను కీడు కలుగదని వారి నమ్మకము. ఇది ఎంతవరకు సత్యమో విచారింతము.

మొక్కకు కాళ్లు లేవు. పశువు మేయవచ్చినను, పురుగు కొరుకవచ్చినను అది పారిపోజాలదు. అందుచే ఆత్మరక్షణకై కొన్ని మొక్కలకు ముండ్లు ఏర్పడినవి. మరికొన్నింటి ఆకులలోను, గింజలలోను, వేళ్లలోను విషపదార్థములు ఏర్పడినవి. ఆ పదార్థములు మన గుండె కొట్టుకొనుటను, నరముల పనిని, ప్రేగుల కదలికను మార్చగలవు. ఈ శక్తియే మితముగా వాడినపుడు మందగును. మితి మీరినపుడు విషమగును.

ఆముదపు చెట్టును ఎరుగనివారుండరు. దాని నూనెను విరేచనమునకై త్రాగించుట మన యిండ్లలో చిరకాలమునుండి కలదు. ఆ నూనె నిచ్చు గింజలోనే రిసిన్ అను ఘోరవిషము కలదు. అది నూనెలో కరుగక పిండిలో నిలిచిపోవును. కావుననే నూనె మందైనది. గింజలను నమలి మ్రింగుట ప్రాణాపాయమైనది. ఆముదపు పిండిని రైతులు పశువులకు పెట్టక పొలములకు ఎరువుగా వేయుటకు కారణ మిదియే.

ఉమ్మెత్త ఆకును ఉబ్బసమునకు వాడుట పూర్వాచారము. అందలి అట్రోపిన్ అను పదార్థమును నేటి నేత్రవైద్యులును కంటిపాపను పెద్దది చేయుటకై చుక్కలుగా వాడుదురు. కాని ఉమ్మెత్త గింజలను తిన్నవారికి నోరెండిపోవును, చూపు మసకబారును, మతి భ్రమించును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. వైద్యుని చుక్కలలో మందెంత కలదో సీసాపై వ్రాసియుండును. ఉమ్మెత్తకాయపై ఏమియు వ్రాసియుండదు. విషము ఒక మొక్కలో హెచ్చుగను, మరియొక మొక్కలో తక్కువగను ఉండును. ఋతువునుబట్టియు, మొక్క వయస్సునుబట్టియు మారుచుండును.

మన ప్రాచీన వైద్యు లీ సంగతి నెరుగనివారు కారు. ముష్టిగింజకు వారు విషముష్టి యనియే పేరిడిరి. దానిని గోమూత్రమున నానబెట్టి, పాలలో నుడికించి, పైపొట్టును లోపలి మొలకను తీసివేసి, నేతిలో వేయించిన పిమ్మటనే మందులలో చేర్చిరి. దీనికి శోధన మని పేరు. ముష్టిజాతి గింజలనుండి స్ట్రిక్నిన్ అను విషమును 1818లో పెల్లెటియే, కావెంటూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. శోధనమువలన ఈ విషము తగ్గుచున్నదని నేటి పరీక్షలును తెల్పుచున్నవి. అయినను అది పూర్తిగా పోదు. అందుచేతనే 1940 నాటి ఔషధముల చట్టము క్రింద ముష్టి, ఉమ్మెత్త, వత్సనాభి, గురివింద మొదలగువానిని విషద్రవ్యముల పట్టికలో చేర్చిరి. ఇవి చేరిన మందులను వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెనని వానిపై ముద్రింపవలయును.

ఇంతవరకు చెప్పిన విషములు కొలది గంటలలోనో, దినములలోనో తమ గుణమును చూపును. కావున పెద్దలు అనుభవముచే వానిని గుర్తింపగలిగిరి. కాని మెల్లగా పనిచేయు విషములును కలవు. బెల్జియము దేశపు రాజధానియగు బ్రస్సెల్సు నగరమున 1990-92 సంవత్సరములలో కొందరు స్త్రీలు దేహము సన్నబడుటకై చీనాదేశపు మూలికలు కలిపిన గుళికలను సేవించిరి. పిమ్మట వారి మూత్రపిండములు చెడిపోసాగెను. ఫాంగ్ జి అను మూలికకు బదులుగా, ఇంచుమించు అదే పేరుగల గ్వాంగ్ ఫాంగ్ జి అను వేరొక మూలిక ఆ గుళికలలో చేరినట్లు విచారణలో తేలెను. అందు అరిస్టలోకిక్ ఆమ్లము కలదు. నూరుమందికి పైగా ఈ వ్యాధికి లోనైరి. మందు మానిన పెక్కేండ్లకు వారిలో అనేకులకు మూత్రనాళములలో క్యాన్సరు బయలుదేరెను.

ఈ కథ మనకు దూరమైనది కాదు. మన పల్లెలలో పాముకాటునకును, కడుపునొప్పికిని వాడు ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతి మొక్కలనుండి వచ్చునవియే. వానిలోను ఆ యామ్లము కలదు. నేడు సేవించిన కషాయము ఎన్నియో యేండ్లకు కీడు చేసినచో, రోగి దాని నెట్లు జ్ఞాపక ముంచుకొనును? ఇచ్చినవా డెట్లు గ్రహించును? "మా తాతలనాటినుండి వాడుచున్నాము, ఎవరికి నేమి కాలేదు" అను మాట ఇచ్చట చాలదు. అనుభవమునకు కానరాని దానిని చూపునది శాస్త్రపరీక్షయే.

విద్యార్థులారా! ఇందువలన మూలికల నన్నిటిని ద్వేషింపవలదు. మూలికలన్నియు నిరపాయములని నమ్మనువలదు. గుర్తెరుగని ఆకును, గింజను నోటబెట్టకుడు. ఇంట నెవరైనను పసరులు, కషాయములు సేవించుచున్నచో ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పుడు. పొరపాటున ఎవరైనను విషపుగింజను మ్రింగినచో ఇంటివైద్యముతో కాలము గడపక, ఆ మొక్క కొమ్మనో కాయనో వెంటగొని వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. మొక్క యేదో తెలిసిన యెడల వైద్యుడు తగిన చికిత్సను వేగముగా నారంభింపగలడు. దానివలన ఒక ప్రాణము నిలువవచ్చును.